జానెడు మెరక

మా అత్తమ్మ ఎవరింటికి వెళ్లినా గదులు లెక్కపెట్టరు, ఎన్ని అంకణాల జాగా అని అడగరు. గుమ్మం ముందు ఆగి, వెనక్కి తిరిగి రోడ్డును ఒకసారి చూస్తారు. తర్వాత గడపను చూస్తారు. ఆ రెండు చూపుల్లో ఆమె లెక్క అయిపోతుంది. "జానెడుంటాది. చాల్లే" అంటారు. ఒక్కోసారి ఏమీ అనరు. ఏమీ అనలేదంటే ఏదో ఒక కార్తీకంలో ఆ ఇంట్లోకి నీళ్లొస్తాయని అర్థం.

నేను తడకు కోడలిగా వచ్చింది 1994లో. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర. మా వైపు నేల తన ఎత్తుపల్లాలను దాచుకోదు. గుట్ట గుట్టే, వంక వంకే. చిన్నపిల్లలు కూడా నీళ్లు ఎటు పారతాయో చెప్పగలరు. తడకు వచ్చిన కొత్తలో మాత్రం నాకు చాప పరిచినట్టు ఒకటే నేల కనిపించింది. ఎటు తిరిగినా అదే మట్టం, అదే తాటిచెట్ల వరస, దాని వెనక తెల్లటి ఆకాశం. ఇంత నున్నగా ఉన్న నేల మీద దారి ఎలా గుర్తుపెట్టుకుంటారో అనుకున్నాను.

ఆ ఏడాది స్వాతి కార్తెలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. పెరట్లో నిలబడి చూస్తున్నాను. నీళ్లు బావి దగ్గర కాసేపు తచ్చాడాయి, దొడ్డి గోడ వెంట సన్నగా జారాయి, కరివేపచెట్టు చుట్టూ తిరిగి, నేను ఎప్పుడూ చూడని ఒక వంపులోంచి పక్కింటి వాళ్ల దొడ్లోకి, అక్కణ్నుంచి వీధిలోకి వెళ్లిపోయాయి. చాప అనుకున్న నేలకు అంత పని ఉందని అప్పుడే తెలిసింది. నీరు పల్లమెరుగునన్న సామెత మా ఊళ్లోనూ వాడేవాళ్లం. కాని అక్కడ పల్లం మాకూ తెలుసు. మనిషికి కనిపించని పల్లం నీటికి మాత్రమే తెలిసిన చోట ఆ సామెతకు బరువెక్కువ.

తడ గురించి బయటివాళ్లకు తెలిసింది రెండు విషయాలు. ఒకటి, ఆంధ్రా దాటి తమిళనాడులోకి వెళ్లే సరిహద్దు. రెండు, తడ ఫాల్స్. ఆ జలపాతం తడలో లేదు. దాని అసలు పేరు ఉబ్బలమడుగు, అది పడమటి కొండల్లో ఉంది. జలపాతం పడాలంటే ఎత్తు కావాలి, తడకు లేనిదే అది. తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట దీవి, దాని అవతల బంగాళాఖాతం. పడమరన సత్యవేడు, వరదయ్యపాళెం దాటాక కొండలు. ఆ కొండలకూ ఈ సరస్సుకూ నడుమ ఆగీ ఆగనట్టు వాలిన నేల మీద మా ఊరు. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కాగితాలు మారాయి గాని ఇక్కడి వాళ్ల నోట్లో ఇంకా నెల్లూరే ఉంది. నీళ్లు కూడా తిరుపతి వైపు వెళ్లవు, అవి తూర్పుకే పోతాయి.

ఇన్నేళ్ల తర్వాత ఈ నేల గురించి నాకు అర్థమైన సంగతి ఒకటుంది. తడలో మనుషులు వేసుకున్న పెద్ద దారులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి. నీళ్ల దారులన్నీ పడమర నుంచి తూర్పుకు. మద్రాసుకు వెళ్లే రైలుకట్ట ఉత్తర దక్షిణాలు. ఒకప్పుడు ఐదో నంబరు, ఇప్పుడు పదహారో నంబరు జాతీయ రహదారి ఉత్తర దక్షిణాలు. సరస్సుకు అవతలి అంచున బకింగ్‌హామ్ కాలువ కూడా అంతే. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలైన ఆ కాలువను తర్వాత తర్వాత పొడిగించుకుంటూ వచ్చారు. 1876–78 నాటి ధాత కరువులో తిండిలేని జనం చేత తవ్వించిన మేర కూడా అందులో ఉంది. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. బియ్యం, కట్టెలు, సున్నం, ఉప్పు, అన్నీ ఆ కాలువ మీద పడవల్లో మద్రాసుకు వెళ్లేవి. అంతా పట్నం వైపే. ఇటు కాళంగి నది సూళ్లూరుపేటను ఒరుసుకుంటూ పడమర నుంచి తూర్పుకు వచ్చి సరస్సులో పడుతుంది. పేరున్న నదిని వదిలేస్తే పేరులేని వాగులు, చెరువుల కిందిపారుదళ్లు, వరికయ్యల్లోంచి కయ్యల్లోకి దిగే మురుగు, అన్నీ అదే దిక్కు. అంటే మా ఊళ్లో మనిషి దారి నీటి దారికి ఎప్పుడూ అడ్డంగానే పడుతుంది. ఆ అడ్డం దాటే చోట ఒక తూము ఉంటుంది. వెడల్పయిన తూముంటే ఊరు బతికింది. ఇరుకు తూముంటే కట్టకు పడమటి వైపు ఊరంతా గుంట.

నీళ్లతోపాటు పడమర నుంచి తూర్పుకు నడిచే పెద్ద గీత మా దగ్గర మనుషులు గీసినవాటిలో ఒక్కటే ఉంది, రాష్ట్రాల సరిహద్దు. అదీ ఒకసారి కదిలింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. సరస్సు మధ్యలోంచి కూడా ఆ గీత వెళుతుంది. సరస్సులో ఎక్కువ భాగం మనది, సముద్రంతో రాకపోకలుండే పెద్ద ముఖద్వారం పళవేర్కాడు దగ్గర వాళ్లది. రొయ్యకూ మడవ చేపకూ ఆ గీత తెలియదు, వలవేసే వాళ్లకు మాత్రం బాగా తెలుసు.

భీములవారిపాళెం చెక్‌పోస్టు దగ్గర లారీలు మైళ్ల పొడుగున నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా అదే మా ఊరి బజారు. జూన్ నెలలో ఆ లారీల పక్కన నీడ కోసం కూర్చున్న డ్రైవర్లను చూస్తే ఎవరు ఏ ప్రాంతం వాళ్లో చెప్పగలిగేదాన్ని. పైనుంచి, ఎండిన దేశాల నుంచి వచ్చినవాళ్లు తువ్వాలు తడిపి తలకు చుట్టుకునేవాళ్లు. ఈ తీరం వాళ్లు ఆ పని చేయరు. ఇక్కడ తడిగుడ్డ తల మీద గంటసేపున్నా తడిగానే ఉంటుంది, చల్లదనం మాత్రం మొదటి నిమిషంలోనే అయిపోతుంది.

ఈ సంగతి నాకు కొత్తకుండ నేర్పింది. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ కళ్యాణదుర్గం సంతలో కొన్న కుండ నాతో పంపింది. మా ఇంట్లో వైశాఖమాసంలో ఆ కుండలో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. తడలో అదే కుండ, అదే ఇసుక మీద కూర్చోబెట్టాను, అదే తడిగోనె చుట్టాను. సాయంత్రానికి నీళ్లు బావి నీళ్లలాగే ఉన్నాయి. కుండకేమైనా పగులొచ్చిందేమో అని తిప్పి తిప్పి చూశాను. అత్తమ్మ చూసి, "కుండదేం తప్పు లేదు పాపా. ఈడ గాలి తాగదు" అన్నారు.

గాలి తాగదు. ఆ మాటకు మించిన వివరణ నాకు తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు, అంకెలు మాత్రం దొరికాయి. కుండ చెమర్చిన నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతేనే లోపలి నీళ్లు చల్లబడతాయి. ఒళ్లూ అంతే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే శరీరం నుంచి దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. ఆరకుండా బొట్లు బొట్లుగా కారిపోతే ఏమీ పోదు, ఉప్పూ నీళ్లూ నష్టం. గాలికి ఎంత దాహం ఉందో కొలవడానికి థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూస్తారు. అనంతపురంలో ఎండ 42 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ థర్మామీటరు సుమారు 24 చూపిస్తుంది. తడలో 34 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే అది 29 దాటుతుంది. పేపరులో చూసినవాళ్లు కళ్యాణదుర్గం మీద జాలిపడతారు. ఒళ్లు మాత్రం తడలోనే ఎక్కువ కష్టపడుతుంది. మా అమ్మ ఫోన్లో "మీకేమే, సముద్రం పక్కన చల్లగా ఉంటారు" అన్నప్పుడల్లా నాకు ఆ కుండ గుర్తొచ్చేది.

2010లో స్టీవెన్ షెర్‌వుడ్, మాథ్యూ హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు ఒక హద్దు చెప్పారు. ఆ తడిగుడ్డ లెక్క 35 డిగ్రీలకు చేరి కొన్ని గంటలు అలాగే ఉంటే, ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో కూర్చున్నా, నీళ్లు తాగుతున్నా ఒళ్లు తనను తాను చల్లబరచుకోలేదు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువతీ యువకులతో పరీక్షించి, తేమ ఎక్కువున్న గాలిలో ఆ హద్దు 31 దగ్గరే వచ్చేస్తుందని చూపించారు. 29కీ 31కీ మధ్య రెండే డిగ్రీలు. మా ఊళ్లో కయ్యల్లో నాట్లు వేసేవాళ్లు, ఇటుకబట్టీల్లో పనిచేసేవాళ్లు, తారు రోడ్డు వేసేవాళ్లు ఆ రెండు డిగ్రీల సందులో పనిచేస్తున్నారు. ఎవరైనా "ఉక్కపోత" అంటే ఒళ్లు సుఖం మరిగినవాళ్ల మాటగా కొట్టిపారేసే అలవాటు మన ఆఫీసుల్లో ఉంది. అది తప్పు. వడదెబ్బకు ఎండ మాత్రమే కొలమానం అని నమ్మినంతకాలం ఈ తీరంలో చెమటతో తడిసి పడిపోయిన మనిషి ఏ లెక్కలోకీ రాడు.

మా పక్కనున్న పారిశ్రామికవాడ శ్రీసిటీలో ఇప్పుడు ఏసీలు తయారవుతున్నాయి. బ్లూస్టార్ వాళ్లు 2023 జనవరిలో, డైకిన్ వాళ్లు అదే ఏడాది నవంబర్‌లో ఫ్యాక్టరీలు ప్రారంభించారు. మా వీధి పిల్లలు కొందరు ఆ షిఫ్టుల్లో ఉన్నారు. ఏసీ చేసే పనిలో ఒక భాగం చల్లబరచడం, ఇంకో భాగం గాలిని పిండడం. ఆ పిండిన నీళ్లే గోడ బయట గొట్టంలోంచి బొట్టు బొట్టుగా పడతాయి. మా ఎదురింటి వాళ్ల ఏసీ గొట్టం కింద బకెట్ పెడతారు. ఆషాఢం రాత్రి తెల్లారేసరికి అది నిండి పొర్లుతుంది. ఆ బకెట్‌ని చూసినప్పుడు మేము రోజంతా పీలుస్తున్నది ఏమిటో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఇంట్లో తేమ చేసే పనులు ఇల్లాళ్లకు తెలుసు. ఉప్పు జాడీలో చెమ్మగిల్లి ముద్దకడుతుంది, అందుకని గుప్పెడు బియ్యం వేసి ఉంచుతాం. వేయించిన అప్పడం విస్తట్లో వేసి పిలిచేలోపు మెత్తబడుతుంది. పట్టుచీరలు మడతల్లోనే మచ్చలు పడతాయి. బీరువా తాళం ఏడాదికోసారి కొబ్బరినూనె అడుగుతుంది. కొబ్బరిచిప్పలో మిగిలిన ముక్క రెండోరోజుకే బూజు. వీటితో ముప్పయ్యేళ్లు గడిపాను. గాలి మీద కోపం రాకపోవడానికి కారణం ఒకటుంది, తూర్పు గాలి.

మే నెలలో ఉదయం పది దాటేసరికి పడమటి గాలి కొండల మీంచి కాలుతూ వస్తుంది. ఆకు కదలదు, కదిలినా వేడి తెస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గదా, ఆ గంటల్లో పగలగలవు. అప్పుడు ఊళ్లో అందరూ, చెప్పుకోకుండానే, ఒకే దానికోసం ఎదురుచూస్తుంటారు. పన్నెండు, ఒంటిగంట. ఒక్కసారిగా పెరటి తలుపు దానంతటదే కొట్టుకుంటుంది. తీగ మీద ఆరేసిన బట్టలు అప్పటిదాకా తూర్పుకు తూగుతున్నవి పడమరకు తిరుగుతాయి. "వచ్చిందమ్మా" అంటారు అత్తమ్మ, బిడ్డ బడి నుంచి వచ్చినంత సంతోషంగా. నేల కాగి పైకి లేచిన గాలి చోటును నింపడానికి సముద్రం మీది గాలి దీవిని దాటి, సరస్సును దాటి మా పెరట్లోకి వస్తుంది. ఎండ ఆరేడు డిగ్రీలు దిగిపోతుంది. జూన్‌లో నైరుతి గాలులు ఊపందుకున్నాక మాత్రం పడమటి గాలి దాన్ని ఒడ్డునే నెట్టి ఉంచుతుంది. కొన్ని రోజులు సాయంత్రం నాలుగింటికి గాని రాదు. అసలు రాని రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో ముసలివాళ్లు పోతారు. అత్తమ్మ తన చుట్టాలు పోయిన తేదీలు చెప్పరు, "గాలి రాని దినం పొయ్యాడు" అంటారు.

అత్తమ్మ పుట్టిల్లు ఇరకం దీవి. భీములవారిపాళెం రేవులో పడవెక్కితే సరస్సు మధ్యలో ఉంటుంది. మా పెళ్లయిన కొత్తలో ఆమెతో వెళ్లాను. సరస్సంటే లోతుగా ఉంటుందని భయపడి పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. పడవాయన గెడ నీళ్లలో దించితే దాని మూడొంతులు బయటే ఉంది. పులికాట్ సగటు లోతు మీటరు చుట్టూనే ఉంటుంది. మనిషి మొలలోతు నీళ్లు కనుచూపుమేర పరుచుకుని ఉంటాయి. ఎండాకాలంలో పడవ బురదకు తగిలితే మగవాళ్లు దిగి నెట్టుకుంటూ వెళతారు. దీనికి పాత తెలుగు పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు చదివినవాళ్లకు ఆ దీవుల మాటతీరు తెలిసే ఉంటుంది. అత్తమ్మ మాట్లాడేది ఆ మాటే.

ఈ సరస్సు ఏడాదిలో రెండుసార్లు వేరే నీళ్లవుతుంది. కార్తీక మార్గశిరాల్లో నదులూ వాగులూ వచ్చి పడి దాదాపు మంచినీళ్లవుతుంది. చైత్ర వైశాఖాల్లో ఆవిరై కుంచించుకుపోయి కొన్నిచోట్ల సముద్రం కన్నా ఉప్పవుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సుకు అడ్డంగా వేసిన రోడ్డుకు ఉత్తరాన నీళ్లుండేచోట నెరియలు విచ్చిన బురద నేల మిగులుతుంది, గొడ్లు నడిచి వెళతాయి. ఆ రోడ్డు మీది నుంచే ఉపగ్రహాలు శ్రీహరికోటకు చేరతాయి. దాని కింద నీటికి వదిలిన సందులు చాలవని జాలర్లు చెప్పే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. ఇక ఉత్తరాన తూపిలిపాళెం, నడుమ రాయదొరువు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతుంటాయి. అవి పూడితే సముద్రపు పోటు లోపలికి రాదు, రొయ్యపిల్ల రాదు, వరద నీళ్లు బయటికి పోవు. వలవేసే వాళ్లకు తిండి, మా వీధికి గండం, రెండూ ఆ ఇసుకతిన్నె దగ్గరే ముడిపడి ఉన్నాయని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

రాయదొరువు అన్నాను గదా. దొరువంటే ఏమిటో మా పుట్టింటి వైపు తెలియదు. ఇరకంలో చూశాను. ఇసుకలో మనిషి నిలువు కన్నా తక్కువ లోతున, పళ్లెంలా వాలుగా తవ్విన గుంట. చుట్టూ ఉప్పునీళ్ల సరస్సు, మధ్యలో ఆ గుంటలో తియ్యటి నీళ్లు. నేను బిందె ముంచబోతే అత్తమ్మ చెయ్యి పట్టి ఆపారు. "పైనీళ్లే తీసుకోవాల. అడుగు కదిలిచ్చావంటే ఉప్పు లేస్తాది." చెంబుతో, మీగడ తీసినట్టు, పైపైన తోడి బిందెలో పోశారు. వాననీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి ఇసుకలో దానిమీద తేలుతుంది. ఎంత తేలికో దాన్నిబట్టి ఒక లెక్క ఉంది. నేలలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తులో ఉంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఆ పై అడుగును బోరు వేసి లాగేస్తే కింది నుంచి నలభై అడుగుల ఉప్పు పైకొస్తుంది. ఒక డచ్చి ఇంజనీరూ ఒక జర్మను ఇంజనీరూ వేర్వేరుగా తేల్చిన సూత్రం ఇది. ఆ డచ్చివాళ్లే 1613లో పళవేర్కాడులో గెల్డ్రియా కోట కట్టి ఈ సరస్సు ఒడ్డున కాపురమున్నారు. సూత్రం రాసుకోకముందు నుంచీ ఇరకం ఆడవాళ్లు చెంబుతోనే తోడుకుంటున్నారు.

తర్వాత రొయ్యల గుంటలు వచ్చాయి. తొంభైల మొదట్లో నెల్లూరు తీరమంతా అదే పిచ్చి. ఉప్పునీళ్లు తెచ్చి కయ్యల మధ్య నిలబెట్టారు. పక్క కయ్యల్లో చవుడు తేలింది, దొరువులు ఉప్పెక్కాయి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు పులికాట్, చిల్కా సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల గుంటలుండకూడదని తీర్పిచ్చింది. ఆ తీర్పు తెలిసినవాళ్లు తక్కువ, దాన్ని గౌరవించినవాళ్లు ఇంకా తక్కువ. మొలగొలుకుల వరి పండిన నేలలో ఉప్పు పేరుకుంటే అది ఒక తరంలో పోయేది కాదు.

ఇప్పుడు వాన సంగతి. దేశమంతా జూన్ వైపు చూస్తుంది, మేము అక్టోబరు వైపు చూస్తాం. పాత నెల్లూరు జిల్లా సగటు వాన ఏడాదికి 1,080 మిల్లీమీటర్ల చిల్లర, అందులో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలోనే. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లో ఖాళీ అయి మాకు వట్టిగాలిగా వస్తాయి. ఈశాన్యం గాలి మాత్రం బంగాళాఖాతం మీద నడిచి, తాగినంత తాగి, నేరుగా మా మీద దింపుతుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది. బంగాళాఖాతం వేడెక్కుతోంది. ఆ మోత ఎవరి మీద దిగుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

మా కళ్యాణదుర్గం వైపు ఏడాది మొత్తం కలిపి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. చెరువు నిండి మరవ పారిందంటే ఊరంతా పండగ. డప్పులు కొట్టుకుంటూ వెళ్లి గంగమ్మకు పసుపు కుంకుమ వేసి, చీర సమర్పించి, మరవ నీళ్లు తలమీద చల్లుకునేవాళ్లం. తడలో మొదటి ఏడాది "చెరువు కలుజు పారింది" అని ఎవరో కేకేస్తే నేను పసుపు కుంకుమల పళ్లెం కోసం లేచాను. అత్తమ్మ బియ్యం మూటను అటక మీదికి ఎక్కించమన్నారు. మాటే వేరు గాని వస్తువొకటే, మరవైనా కలుజైనా. ఒకచోట దాన్ని చూసి దండం పెడతారు, ఇంకొకచోట మంచం కాళ్ల కింద ఇటుకలు పెడతారు.

1984 నవంబర్‌లో శ్రీహరికోట దగ్గర తీరం దాటి వందల ప్రాణాలు తీసిన తుపాను నాటి గుర్తు మా పాత ఇంటి వంటగది బయటి గోడ మీద ఉండేది. మామయ్య మేకుతో గీసిన గీత అది. అలాంటి తుపాను కన్ను ఏ ఊరు మీదుగా దాటుతుందో దానికి ఉత్తరాన ఉన్నవాళ్లకు గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది, నీళ్లను నేల మీదికి తోస్తుంది. దక్షిణాన ఉన్నవాళ్లకు గాలి నేల వైపు నుంచి వీస్తుంది. అందుకే మద్రాసు మీదికి వస్తోందంటే మా వాళ్లు ఊపిరి పీల్చుకోరు. 2016 డిసెంబర్ 12న వార్దా చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు మేము ఉత్తరం పక్కన ఉన్నాం. చెట్లు కూలి వీధులు తెల్లబోయాయి.

2015లో మాత్రం గాలి లేదు, వట్టి వానే. నవంబరంతా కురిసింది, డిసెంబర్ ఒకటిన మళ్లీ మొదలైంది. చెన్నై విమానాశ్రయం రోజుల తరబడి మూతపడిందని దేశమంతా చూసింది. రైళ్లు ఆగాయి. మా ఇంట్లోకి మొదటిసారి నీళ్లు వచ్చాయి. 1984లో రానివి, గడపదాకా వచ్చి ఆగినవి, ఇప్పుడు వంటగదిలోకి వచ్చాయి. గోడ మీది గీత గడపకు సరిసమంగా ఉండేది. ఈసారి నీళ్లు దానికి నాలుగువేళ్లు పైన నిలిచాయి. వాన ఎక్కువే, కాని అంత తేడా వానది కాదు. ఆ మధ్య ముప్పయ్యేళ్లలో మా వీధి రోడ్డును ఎన్నిసార్లు వేశారో అంత ఎత్తు. పాతది తవ్వకుండా దానిమీదే కంకర, దానిమీదే తారు, తర్వాత దానిమీదే సిమెంటు. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధంతా సంతోషించింది, అత్తమ్మ మాత్రం గడపమీద కూర్చుని జానతో కొలుచుకునేవారు. ఇల్లు కుంగలేదు. వీధి లేచింది. మెరక మీద కట్టిన ఇల్లు, ఇటుక కదలకుండా, పల్లంలోకి వెళ్లిపోయింది.

అదే లెక్క పెద్దదారులకూ. నాలుగు వరసలయినప్పుడు, ఆ తర్వాత చెన్నై తడ మధ్య ఆరు వరసలయినప్పుడు రహదారి కట్ట ఎత్తు పెరిగింది, వెడల్పు పెరిగింది. కొండల నుంచి దిగే నీరు మాత్రం పాత దిక్కుకే వస్తోంది. పడమరన గుంటలు, కుంటలు, వాగు పొరంబోకులు ప్లాట్లయ్యాయి. వాటి ఎత్తు పెంచడానికి ఎర్రమట్టి ఇంకోచోట నుంచి తోలారు. నీళ్లు నిలిచే చోటును మనం వట్టి జాగా అనుకుంటాం. ఏడాదిలో తొమ్మిది నెలలు వట్టిదే, నిజమే. మిగతా మూడు నెలల కోసమే అది వట్టిగా ఉంది.

2022లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టాం. పిల్లలు మూడడుగులు లేపుదామన్నారు. మేస్త్రి నాలుగైనా నష్టం లేదన్నాడు. మట్టం చూడడానికి నీళ్లుపోసిన సన్నటి గొట్టం తెచ్చి ఒక కొస రోడ్డు అంచున, ఇంకో కొస మా పునాది దగ్గర పట్టించాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఊగి ఊగి ఒకే ఎత్తున ఆగాయి. అత్తమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. కుర్చీ తెప్పించుకుని ఎండలోనే కూర్చుని ఆ గొట్టాన్నే చూస్తున్నారు.

"మేస్త్రీ, ఆ కొస తీసకపోయి వాళ్ల వాకిట్లో పట్టు" అన్నారు.

మా ఇంటి వెనక, తూర్పున, ఒక యానాది కుటుంబం ఉంది. తాటాకు కప్పు పోయి రేకులొచ్చాయి గాని నేల మాత్రం మట్టిదే. మేస్త్రి గొట్టం లాక్కుని వెళ్లి అక్కడ పట్టాడు. మా పునాది గుర్తుకూ ఆ వాకిలికీ నడుమ నాలుగున్నర అడుగుల తేడా వచ్చింది.

"మనం లేపుకుంటే వీధి నీళ్లు యాడికి పోతాయి అబ్బయా?"

మేస్త్రి మాట్లాడలేదు.

రెండు వారాలు ఇంట్లో దీని మీదే మాటలు నడిచాయి. చివరికి మూడడుగులే లేపాం. పునాది కింద పడమటి గోడ నుంచి తూర్పు గోడ దాకా, ఒకప్పుడు బావీ కరివేపచెట్టూ ఉన్న గీత వెంట, రెండు సిమెంటు గొట్టాలు పరిపించారు అత్తమ్మ. అవతల ఆ వాకిలి పక్కగా కాలువ తవ్వించి వీధి చివరి తూముదాకా కలిపించారు. ఆ తూములో పేరుకున్న పూడిక కోసం మా వీధి ఆడవాళ్లం పంచాయతీ ఆఫీసుకు ఐదుసార్లు వెళ్లాం. ఐదోసారి తీశారు.

మరుసటి ఏడాది డిసెంబర్ మొదటివారం మిచాంగ్ తుపాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు రెండు రోజులు మా తీరం వెంట తాపీగా ఉత్తరానికి నడిచింది. కరెంటు పోయింది. రాత్రి పదింటికి అత్తమ్మ మంచం మీద లేరు. టార్చిలైటు వేసి చూస్తే వసారాలో నేలమీదే కూర్చుని, చెవి నాపరాయికి ఆనించినంత దగ్గరగా వంగి ఉన్నారు. బయట వాన హోరు. పక్కన కూర్చుని నేనూ వంగాను. రాయి కింద, లోతుగా, పడమర నుంచి తూర్పుకు నీళ్లు పారుతున్నాయి.

"పోతుండాయి" అన్నారు. కాసేపాగి, "వాళ్ల వాకిట్లో లైటుందేమో చూసి రా పాపా" అన్నారు.